గుడివాడలో పద్నాలుగు శనివారాలు

నా జబ్బుకి ఒక పేరుందని తెలియడానికి నాకు రెండున్నరేళ్లు పట్టింది. ఆ పేరు ఇంగ్లీషులో ఉంది, తెలుగులో దానికి మాట ఉందో లేదో నాకు తెలియదు. నేను బిగుసుకోవడం అనే అంటాను. నడుం కింద, తొడల మధ్య, మూత్రాశయాన్నీ గర్భసంచినీ అడుగునుంచి మోసే కండరాలు కొన్ని ఉంటాయి. అందరికీ ఉంటాయి. నావి బిగుసుకుపోయాయి. నేను బిగించలేదు, వాటంతట అవే బిగుసుకున్నాయి. ఈ ఒక్క ముక్క నాకూ మా ఇంట్లోవాళ్లకీ అర్థం కావడానికి ఇంత కథ నడిచింది.

చదివేవాళ్లలో ఎవరికైనా నాలాంటి ఇబ్బంది ఉంటే ముందే చెప్పేస్తున్నాను. తగ్గుతుంది, నాకు తగ్గింది. ఆ మాట గుర్తుపెట్టుకుని ఇక్కడితో చదవడం ఆపేసినా నేనేం అనుకోను.

మొదటి ఏడాది

బందరులో ఒక కంటి క్లినిక్‌లో నా ఉద్యోగం. డాక్టరుగారు చూసేముందు వచ్చినవాళ్ల కళ్లలో చుక్కలు వేసి, గోడమీది అక్షరాలు చదివించి, చీటీ రాసి లోపలికి పంపుతాను. మా ఆయన సుధీర్ కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేస్తాడు. మాకు పాత చుట్టరికమేమీ లేదు. పెళ్లి కుదిరినప్పటినుంచీ మా ఇంట్లో అందరూ బావ అంటుంటే నాకూ అదే అలవాటైంది.

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాలు మొదలైతే మా చర్చిలో పెళ్లిళ్లు చెయ్యరని ఫిబ్రవరి మొదట్లోనే మా పెళ్లి చేసేశారు. మూడు నిద్రలకి అవనిగడ్డ అవతల మా పుట్టింటికి వెళ్లాం. అక్కడే తెలిసింది. బావ దగ్గరికి వచ్చేసరికి నా ఒళ్లు మూత పడిపోయింది. ఆ పైన నొప్పి. నా గొంతులోంచి వచ్చిన చప్పుడుకి నాకంటే ఎక్కువ ఆయన బెదిరిపోయాడు. అలిసిపోయి ఉన్నావులే అన్నాడు. నేనూ అలిసిపోయాననే అనుకున్నాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

పెరట్లో చేపలు తోముతున్న అమ్మకి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు, అమ్మ నా మొహం చూడకుండా వినడం గుర్తుంది.

"అలవాటవుద్దమ్మా. మొదట్లో అందరికీ ఉంటది. ఓర్చుకో," అంది.

ఓర్చుకోవడం నాకు బాగా వచ్చు. పళ్లు బిగబట్టి, పిడికిళ్లు బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని ఓర్చుకున్నాను. ఎంత ఓర్చుకుంటే అంత బిగుసుకుంది. ఓర్చుకోమన్న మా అమ్మని తప్పుపట్టను, వాళ్లమ్మ ఆవిడకి చెప్పింది అదే. కానీ ఈ జబ్బుకి అంతకంటే పనికిమాలిన సలహా ఇంకోటి లేదు.

వానలు పడేసరికి ప్రయత్నించడం మానేశాం. మానేద్దామని ఎవరం అనలేదు. బావకి చెరువుల దగ్గర పని ఎక్కువైంది, వారానికి మూడు రోజులు అక్కడి షెడ్డులోనే ఉండేవాడు. ఆయన బండి సందు మలుపు తిరిగితే నాకు హాయిగా అనిపించేది. ఆ తర్వాత సిగ్గుగా అనిపించేది. కొన్నాళ్లకి రెండూ పోయాయి. వండేదాన్ని, తినేదాన్ని, క్లినిక్‌కి వెళ్లేదాన్ని, వచ్చేదాన్ని. ఎవరన్నా నవ్వితే నవ్వేదాన్ని.

రెండో ఏడాది

మాతోనే ఉండే మా అత్తయ్య రూతమ్మగారు రిటైరైన టీచరు, మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మనిషి మంచిది, గొంతు పెద్దది. ఏడాది నిండగానే విశేషం ఏమన్నా ఉందా అని నెలనెలా అడగడం మొదలుపెట్టింది. లేదండీ అనేదాన్ని. బావ పేపరు చదువుకునేవాడు. అసలు మొదలే కాలేదని ఆవిడకి ఎవరు చెప్తారు? ఏ మాటల్లో చెప్తారు? మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని ఊరుకున్నాం. మా తప్పు అదే. ఆ ఊరుకోవడం మమ్మల్ని ఎంత దూరం తీసుకెళ్లిందో చెప్తాను.

అత్తయ్య నా పేరు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పెట్టింది. మా కోడలు శాంతి గర్భం కోసం అని. అక్కడికి వచ్చే పదకొండుమంది ఆడవాళ్లు పొద్దుటినుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా, సాయంత్రం చాప మీద నన్ను మధ్యలో కూర్చోబెట్టి, నా తలమీదా పొట్టమీదా చేతులుంచి ప్రార్థన చేసేవాళ్లు. కొందరు ఏడ్చేవాళ్లు. నాకోసం అంత నిజంగా ఏడ్చినవాళ్లు ఎవరూ లేరు, వాళ్లు ఏడ్చేది లేని కష్టానికి. నేనూ ఉపవాసం ఉండేదాన్ని. కష్టమనిపించేది కాదు, అప్పటికే నాకు ఆకలి తెలియడం మానేసింది.

ఆ వేసవిలో అత్తయ్య మమ్మల్ని విజయవాడలో ఒక సంతాన సాఫల్య కేంద్రానికి తీసుకెళ్లింది. ఇద్దరికీ రక్తాలు తీశారు. బావకి ఇంకేవో పరీక్షలు చేశారు, నోరెత్తకుండా చేయించుకున్నాడు. అన్నీ బాగున్నాయన్నారు. ఎంతకాలంగా ప్రయత్నిస్తున్నారమ్మా అని డాక్టరు అడిగితే, అత్తయ్య పక్కనే ఉండగా, ఏడాదిన్నర అన్నాను. బావ నేలకేసి చూశాడు.

ఆ హాల్లో కుర్చీలన్నీ ఒకదానికొకటి అతికించి ఉండేవి, ఒకరు కదిలితే వరుసంతా కదిలేది. ఒళ్లో ఫైళ్లు పెట్టుకుని అందరం టీవీ చూస్తున్నట్టు కూర్చునేవాళ్లం. పామర్రు నుంచి వచ్చిన ఒకావిడ ఎన్నో సంవత్సరం అని నన్ను అడిగి, తనది తొమ్మిదని చెప్పి, బత్తాయి ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. ఆవిడ పక్కన నేనొక దొంగలా కూర్చున్నాను. ఆవిడ కష్టం నిజం, నాది నిజం కాదు, కానీ ఇద్దరం ఒకే వరుసలో ఉన్నాం.

లోపలినుంచి స్కాన్ చెయ్యాలన్నారు. నర్సు నా మోకాళ్లు పట్టుకుంది. నేను బల్లమీద పైకి పైకి జరిగిపోయాను, తల గోడకి తగిలింది. ఇలా బిగబట్టుకుంటే ఎలాగమ్మా, సహకరించకపోతే మేమేం చెయ్యగలం అని డాక్టరు విసుక్కుంది. చదువుకున్నదానివే కదా అని కూడా అంది. అరిచానని తర్వాత అత్తయ్య చెప్పింది, నాకు తెలియదు. నాకు తెలిసింది, కప్పిన దుప్పటి పొట్టిదైతే అక్కడి ఆయా తన భుజం మీది తువ్వాలు తీసి నా పాదాల మీద కప్పడం. ఆ రోజు నన్ను మనిషిలా చూసింది ఆవిడొక్కతే.

మూడో ఏడాది, ఆగస్టు

అత్తయ్య ఓపిక అయిపోయింది. ఒక ఆదివారం అన్నాలయ్యాక, చెయ్యి కడుక్కుంటూ, మామూలుగానే చెప్పింది.

"మూడో పెళ్లిరోజు లోపు ఏదో ఒకటి తేలాలి. ఈ లోపల పెద్ద వైద్యం చేయించుకుంటానంటే సరే. లేదంటే మీ అమ్మావాళ్లని పిలిచి కూర్చుందాం."

మావైపు కూర్చుందాం అంటే టీ తాగడానికి కాదు. నలుగురు పెద్దమనుషులు వస్తారు, అమ్మాయిని కొన్నాళ్లు పుట్టింట్లో ఉంచండి అంటారు, ఆ కొన్నాళ్లు ఎప్పటికీ అయిపోవు. పెద్ద వైద్యమంటే ఆ విజయవాడ బల్ల. నేను బావకేసి చూశాను. ఆయన పెరుగన్నం కలుపుతున్నాడు. ఈ మనిషిని పోగొట్టుకుంటాను అని నాకు నేను చెప్పుకుని చూశాను. ఏమీ అనిపించలేదు. అలా ఏమీ అనిపించకపోవడం చూసి మాత్రం కొంచెం భయమేసింది.

అప్పటికి ఇంకో సంగతి కూడా ఉంది. మూత్రం సరిగ్గా వచ్చేది కాదు, కూర్చుంటే నడుం కింద బరువు. ఆ వంకతో క్లినిక్ మధ్యాహ్నం విరామంలో బందరులోనే ఒక పెద్ద వయసు లేడీ డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆవిడ చూడనిస్తావా అని అడిగింది. అంతవరకు నన్ను అలా అడిగినవాళ్లు లేరు. వద్దండీ అన్నాను. సరేనని కుర్చీ వెనక్కి లాక్కుని, అవీ ఇవీ అడుగుతూ పోయింది. ఇరవై నిమిషాల్లో, రెండున్నరేళ్లుగా ఇంట్లో చెప్పనిదంతా ఆవిడకి చెప్పాను. ఏడవలేదు, చీటీ చదివినట్టు చెప్పాను.

"నువ్వు చుక్కలు వేస్తానంటున్నావుగా. సీసా దగ్గరికి రాగానే కొందరికి రెప్ప పడిపోద్ది కదా?"

"చాలామందికి పడుద్దండి."

"వాళ్లని తిడతావా?"

తిట్టను. చిన్నపిల్లలైతే అసలు తిట్టను. కిందికి చూడమంటాను, ఊపిరి తీసుకోమంటాను, రెప్ప దానంతటది వదిలేదాకా ఆగుతాను. అదే పని ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. నీదీ అంతే అంది ఆవిడ. ఇది గర్భం సంగతి కాదు, కండరం సంగతి, మందులతో పోదు, ఫిజియోథెరపీతో పోతుంది అని ఒక కాగితం మీద నా జబ్బు పేరూ, గుడివాడలో వసంతగారనే ఫిజియో పేరూ రాసిచ్చింది.

మోకాళ్ల నొప్పులవాళ్లకీ పక్షవాతం వచ్చినవాళ్లకీ కదా ఫిజియో అనుకున్నాను. అయినా వెళ్లాను.

సెప్టెంబరు నుంచి

శనివారం మధ్యాహ్నం మా డాక్టరుగారు పల్లెల్లో కంటి క్యాంపుకి వెళ్తారు, క్లినిక్ ఉండదు. ఆ పూట గుడివాడ ప్యాసింజరు ఎక్కేదాన్ని. పెడనలో అద్దకం చీరల మూటలతో ఇద్దరు ముగ్గురు ఎక్కేవాళ్లు, పెట్టెంతా రంగు వాసన వేసేది. ఇంట్లో నడుం నొప్పి అని చెప్పాను. అబద్ధం కాదు, నడుం కొంచెం కిందకి జరిగిందంతే.

వసంతగారి గది ఒక మందుల షాపు మేడమీద. నిజంగానే బయట బెంచీ నిండా మోకాళ్లవాళ్లే. మొదటి శనివారం ఆవిడ నన్ను ముట్టుకోనేలేదు. పడుకోబెట్టి, మోకాళ్లకింద దిండు పెట్టి, ఊపిరి తీసుకోమంది. అంతే. ఇంత దూరం వచ్చింది దీనికా అనుకున్నాను.

"పొట్ట లోపలికి లాక్కుంటున్నావు. వదిలెయ్యమ్మా. ఇక్కడ నిన్ను చూసేవాళ్లు లేరు," అంది.

వదలడం నాకు చాతకాలేదు. నవ్వులాటకి చెప్పడంలేదు, పొట్ట వదలడమంటే ఎలాగో నాకు తెలియలేదు. పన్నెండో ఏటినుంచి కాళ్లు దగ్గర పెట్టుకో, పొట్ట లోపలికి లాక్కో, సరిగ్గా కూర్చో అంటే అన్నీ సరిగ్గానే చేశాను. బుద్ధిమంతురాలినని మా ఊళ్లో పేరు. మూడు శనివారాలు పట్టింది పొట్ట వదలడానికి. వదిలిన రోజు అలాగే బల్లమీద నిద్రపోయాను. బయట మోకాళ్లవాళ్లు గొణుక్కుంటున్నా ఆవిడ అరగంట లేపలేదు.

మొదటి శనివారం నాడే బావకి చెప్పేశాను. నడుం నొప్పికి గుడివాడ దాకా దేనికి అని అడిగితే, నడుం కాదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తగ్గుద్దంటనా అని ఒక్కటే అడిగాడు. తగ్గుద్దంట అన్నాను.

ఐదో శనివారం నుంచి వసంతగారు చేతికి గ్లవ్ వేసుకుని లోపలి కండరాన్ని వేలితో నొక్కి వదులు చేసేది. మొదలుపెట్టేముందు ఒక షరతు చెప్పింది, నువ్వు ఆపమంటే ఆపుతాను, ఎందుకని అడగను. నేను నాలుగుసార్లు ఆపమన్నాను. అందులో రెండుసార్లు నొప్పే లేదు, నిజంగా ఆపుతుందా లేదా అని చూశాను. ఆపింది. ఆ తర్వాత నా ఒళ్లు ఆవిడ మాట వినడం మొదలుపెట్టింది.

ఇంటి దగ్గర చేసే పనులు కూడా ఇచ్చింది. వేడినీళ్ల స్నానం, చిన్నపిల్లలు ఆడుకునేటప్పుడు కూర్చున్నట్టు గొంతుక్కూర్చోవడం, ఊపిరి. మధ్యలో తుపాను వానలకి రెండు శనివారాలు రైలు పోయింది, ఇంకో మూడు శనివారాలు డాక్టరుగారు నన్నూ క్యాంపుకి తీసుకెళ్లారు, మళ్లీ కొంచెం బిగుసుకుంది, మళ్లీ వదిలింది. తొమ్మిదో శనివారం మెత్తని సిలికాన్ గొట్టాలు ఆరు ఉన్న పెట్టె ఇచ్చింది. చిన్నది చిటికెన వేలంత, అక్కడినుంచి వరసగా పెద్దవి. రోజూ సాయంత్రం పావుగంట లోపల ఉంచుకోవాలి, చిన్నదానితో మొదలు. ఇంట్లో దాన్ని ఎక్కడ దాచాలో తెలియక తిరుగుతుంటే, బావ తన నీళ్ల సీసాల పెట్టెలో ఒక అర ఖాళీ చేసిచ్చాడు. ఆయనకి తోచిన సాయం అది. నాకు చాలా పెద్దదిగా అనిపించాల్సింది, అప్పటికి అలా అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది.

డిసెంబరు

క్రిస్మస్‌కి ముందు మా అత్తయ్య ఇల్లంతా తిరగేసి కడుగుతుంది. ఆ ఏడు బావ సీసాల పెట్టె కూడా కడిగేసింది. నేను క్లినిక్ నుంచి వచ్చేసరికి మేడమీద పిట్టగోడ మీద బావ సీసాలన్నీ ఎండుతున్నాయి, వాటి పక్కన నా గొట్టాలు ఆరూ, టీచరు చెయ్యి కదా, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇవేంటండీ అని పక్కింటి మేడమీంచి ఒకావిడ అడుగుతోంది. మావాడి చెరువు సామాన్లండీ, ఉప్పు ఎంతుందో చూస్తారు అని అత్తయ్య వివరిస్తోంది.

మెట్లమీద కూర్చుండిపోయి నవ్వాను. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు, ఆపుకోలేకపోయాను. నవ్వడం అయ్యాక, ఇంక ఇది దాచనని తెలిసింది. బావ వచ్చేదాకా కూడా ఆగలేదు. అత్తయ్యని గదిలోకి పిలిచి, తలుపు వేసి, అవి చెరువువి కావండీ, నావి అన్నాను. పెళ్లయినప్పటినుంచీ ఏం జరగలేదో చెప్పాను.

ఆవిడ మొహం తెల్లబోయింది. తిడుతుందనుకున్నాను, మా అమ్మకి ఫోన్ చేస్తుందనుకున్నాను.

"ఎనభై శుక్రవారాలు," అంది. "పదకొండుమందిని పస్తులుంచాను. సుగరున్న మనిషి కూడా తినకుండా కూర్చుంది. నాచేత దేవుణ్ణి తప్పు అడిగించావే నువ్వు."

కోడలిగా నామీద కోపం లేదు. ప్రార్థన పెట్టినదానిగా ఆవిడకి తలకొట్టేసినట్టయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం లేదు. శుక్రవారం సాయంత్రం మాత్రం చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, రా అంది. వెళ్లాను. ఎప్పట్లా నన్ను మధ్యలో కూర్చోబెట్టబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"మా కోడలి గర్భం కోసం అడగడం ఇవాళ్టితో ఆపేద్దామండీ. నేను తెలీక అడిగాను, తప్పు నాది. ఆ పిల్లకి వేరే నొప్పి ఉంది, వైద్యం జరుగుతుంది. అది తగ్గాలని అడుగుదాం. ఏం నొప్పని మాత్రం ఎవరూ అడగొద్దు."

ఎవరూ అడగలేదు. సుగరున్న ఆవిడ నా వీపు మీద చెయ్యేసింది. నాకు ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఆకలేసింది. మామూలు ఆకలి, కళ్లు తిరిగేంత. ఇంటికొచ్చి మా అత్తయ్యా నేనూ వంటింట్లో నిలబడే అన్నం తిన్నాం.

జనవరి

పన్నెండో శనివారానికి ఆరో గొట్టం కూడా నొప్పి లేకుండా వెళ్లింది. ఇంక మీ ఇష్టం అంది వసంతగారు. రైల్లో వస్తూ ఆ మాట బావకి ఎలా చెప్పాలా అని ఆలోచించాను. పెళ్లిరోజు ఇంకా మూడు వారాలుంది. అత్తయ్య కూర్చుందామన్న మాట మళ్లీ ఎత్తలేదు, కానీ వెనక్కీ తీసుకోలేదు.

చెప్పాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. మర్నాడు చెరువుల దగ్గరికి వెళ్లి నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు సెలవు పెట్టి నేనే కృత్తివెన్ను బస్సెక్కాను. బావ షెడ్డు ముందు మంచం మీద కూర్చుని సీసాల మీద చీటీలు అంటిస్తున్నాడు.

"నాకు భయంగా ఉంది శాంతీ," అన్నాడు, తలెత్తకుండా. "మీ ఇంట్లో ఆ రాత్రి నువ్వు అరిచిన అరుపు నాకు పోలేదు. నీకు నొప్పి పెట్టింది నేనేగా. ఇక్కడుంటే నీకు నావల్ల నొప్పి ఉండదని ఇక్కడే పడుంటున్నా."

రెండున్నరేళ్లకు పైగా ఈయనకి విసుగొచ్చి నాకు దూరంగా ఉంటున్నాడనుకున్నాను. ఒక్కసారి అడిగుంటే తెలిసేది. నాకు విపరీతమైన కోపం వచ్చింది, ఆయన మీదా నా మీదా. ఆ కోపం వెనకే ఏడుపు కూడా వచ్చింది. అంతకాలం రానిదంతా ఆ మంచం మీద, రొయ్యల మేత బస్తాల ముందు, చెరువు పనివాళ్లందరి ఎదురుగా ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు. ఎవరో చచ్చిపోయారనుకుని పనివాళ్లు లేచి నిలబడ్డారు.

పదమూడో శనివారం, పద్నాలుగో శనివారం ఇద్దరం వెళ్లాం. వసంతగారు ఆయన్ని కూడా పడుకోబెట్టి ఊపిరి తీసుకోమంది. ఆయన దవడ బిగుసుకుని ఉందని నాకు చూపించింది. పెళ్లయినప్పటినుంచీ చూస్తున్న దవడే, నేను గమనించలేదు.

ఆ తర్వాత సంగతి ఎక్కువ చెప్పను. ఒక ఆదివారం పొద్దున్న, అత్తయ్య చర్చికి వెళ్లిపోయాక, తొందరేమీ లేకుండా, మేమిద్దరం భార్యాభర్తలమయ్యాం. మధ్యలో ఒకసారి ఆపమన్నాను, ఆగాడు. మళ్లీ నేనే రమ్మన్నాను. ఆకాశాలు తెరుచుకోలేదు. నొప్పి లేదు, అంతే. నొప్పి లేకపోవడం ఎంత పెద్ద సంగతో మాకిద్దరికీ తెలుసు.

చర్చికి వెళ్లేసరికి ప్రసంగం సగం అయిపోయింది. బావ మగవాళ్ల వైపు వెళ్లాడు. నేను ఆడవాళ్ల వైపు వెనక నిలబడ్డాను. ఆలస్యంగా వచ్చినవాళ్లని మా అత్తయ్య ఎంత దూరం నుంచైనా కళ్లతోనే నిలదీస్తుంది, ముప్ఫయ్యేళ్లు పిల్లల్ని అలా నిలదీసిన కళ్లు. వెనక్కి తిరిగి నన్ను చూసింది. అటువైపు కూర్చుంటున్న కొడుకుని చూసింది. కొంగు సర్దుకుని, పక్కావిడని జరగమని, తన పక్కన నాకు చోటిచ్చింది.